కట్ట మీద గేటు

గేటుకు తాళం వేసి ఉంది. గంగమణి సైకిలు దిగి, స్టాండు వేయకుండానే హ్యాండిలును నడుముకు ఆనించుకుని, ఆ తాళాన్ని ఒకసారి గుంజి చూసింది. కొత్త తాళం. గేటూ కొత్తదే, నీలం రంగు ఇంకా చేతికి అంటుతోంది. నిన్న పొద్దున ఇదే కట్ట మీద ఇదే సైకిలు తొక్కుకుంటూ పోయి ఇంటింటికీ పాలు పోసి వచ్చింది. ఒక్క రోజులో బాటకు తలుపు పుట్టింది.

పక్కన మనిషి ఏటవాలుగా దూరిపోయేంత సందు వదిలారు. అందులోంచి సైకిలు పోదు. క్యారియరుకు అటూ ఇటూ క్యాన్లు వేలాడుతున్న పాల సైకిలు అసలే పోదు. గేటు మీద పలక కూడా బిగించారు. 'నడక బాట. వాహనాలు నిషేధం. పంచవటి కాలనీ నడక మిత్రుల సంఘం.'

ఎండ మెత్తగా ఉంది. పుష్యమాసం నడుస్తున్నా ఈసారి చలి పెద్దగా కొరకడం లేదు. యాసంగి పంటకు నీళ్ళు వదిలారు కాబట్టి కాలువ అంచుల దాకా పారుతోంది. బాన్సువాడలోకి పోయే ఈ పిల్లకాలువ కట్ట మీద ఏడాది కింద పలకరాళ్ళు పరిచి, బల్లలు వేసి, దీపాలు పెట్టారు. పరిచినప్పుడు గంగమణి కూడా సంబరపడింది. గతుకులు పోయాయి, పాలు తొణకవు అనుకుంది. ఇల్లు అలకగానే పండుగ కాదని అప్పుడు తోచలేదు.

లోపలి వైపు నుంచి శివప్రసాద్ నడుచుకుంటూ వచ్చాడు. రైస్‌మిల్లు కొడుక్కి అప్పజెప్పి, ఇప్పుడు కాలనీ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. మంకీక్యాపు, చేతిలో చిన్న కర్ర. గంగమణి పాలు పోసే ఇళ్ళలో మొదటిది ఆయనదే.

"ఏం సార్, గిదేంది?"

"గేటమ్మా," అన్నాడు ఆమెకు కనబడడం లేదన్నట్టు. "బైకుల వాళ్ళు మరీ పాడు చేస్తున్నారు. పొద్దున్నే ఆడవాళ్ళు నడవలేకపోతున్నారు."

"బైకోడు సతాయిస్తే బైకోణ్ణి పట్టుకోవాలె. నా సైకిల్ ఎవల్ని గుద్దింది?"

"రూలన్నాక అందరికీ ఒకటే కదా. రోడ్డు మీదుగా రా. కాస్త చుట్టవుతుంది, అంతే."

"మీ ఇంటికి పాలు గిన్నేండ్లు గీ తొవ్వనే వచ్చినయ్ సార్."

"నేను కాదన్నానా?" అని ఆయన గేటు కమ్మీ మీద చెయ్యి ఒకసారి ఆనించి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. ఆయన నడక లెక్క అక్కడికి సరి.

గంగమణికి ఒళ్ళు మండింది. కాస్త చుట్టట. ఆ చుట్టు ఏ రోజైనా తొక్కి చూశాడా? వెనక నుంచి గడ్డిమోపు సైకిలుతో లక్‌పతి వచ్చి ఆగాడు. తండా నుంచి రోజూ పచ్చగడ్డి తెచ్చి టౌనులో బర్రెలున్న వాళ్ళకు వేస్తాడు. మోపు ఎంత పెద్దదంటే ఎదురుగా చూస్తే గడ్డి ఒక్కటే నడిచి వస్తున్నట్టుంటుంది.

"ఏమైందక్కా?"

"కండ్లు లేవా? తాళం."

లక్‌పతి సందును చూశాడు, మోపును చూశాడు. "ఎత్తి దాటిద్దమా?"

"మోపిప్పి, క్యాన్లు దించి, సైకిళ్ళు ఎత్తి, మళ్ళ కట్టుకునే దాక పాలు పాలుగనే ఉంటయా? పా, రోడ్డుకే పోదాం."

రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు రెండేసి ట్రాలీలు కట్టుకుని ఊగుతూ పోతున్నాయి. వాటిని దాటాలని వడ్ల లారీలు హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా వస్తున్నాయి. లారీ పక్క నుంచి పోయిన ప్రతిసారీ దాని గాలికి హ్యాండిలు మెలి తిరుగుతుంది. క్యాన్లలో పాలు ఒక పక్కకు పోయి, తిరిగి ఇంకో పక్కకు వచ్చి, సైకిలును తమతో గుంజుకుపోతాయి. గంగమణి రెండుసార్లు దిగి మట్టి అంచున తోసుకుంటూ నడిచింది. చీర కొంగు నోట్లో కరిచి పట్టుకుంది, దుమ్ముకు కాదు, తిట్లు బయటకు రాకుండా.

శివప్రసాద్ ఇంటికి చేరేసరికి వాకిట్లో ఆయన భార్య హనుమాయమ్మ మొక్కలకు నీళ్ళు పోస్తోంది.

"ఇంతసేపా గంగమణీ? కోడలు మాధురి ఆఫీసు పనికి కూర్చునే టైమైందని ప్యాకెట్టు తెప్పించేశాం."

"ఎందుకు లేటయిందో మీ సారును అడుగుండ్రి అమ్మా," అని గంగమణి లీటరు డబ్బాను క్యానుకేసి కొట్టినట్టే తగిలించింది.

ఇంటికి పోయి క్యాన్లు కడుగుతుంటే కొట్టంలో ఆమె మొగుడు ముత్తెన్న చొప్ప నరుకుతూ ఏమైందని అడిగాడు. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి అతను కొట్టం దాటి పోవడం లేదు, సైకిలు గంగమణిదైంది. సంగతి విని, "ఊకో. ఆళ్ళతోని మనకెందుకు? రోడ్డుకేంది, అందరు పోతలేరా?" అన్నాడు.

"నువ్వొక్కసారి గా రోడ్డు మీద పాల సైకిల్ తొక్కు. తొక్కినంక మాట్లాడు."

ముత్తెన్న చొప్ప నరకడంలో పడ్డాడు.

ఆదివారం పొద్దున రోడ్డెక్కబోతూ అలవాటుగా కట్ట వైపు చూసింది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. మామిడాకుల తోరణం కట్టారు. దాని మీద 'శీతాకాల సైకిల్ సంబరం' అని పెద్ద గుడ్డ. గంగమణి నమ్మలేకపోయింది. ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందనుకుంది. సైకిలు అటు తిప్పింది.

గేటు ముందు చాలా సైకిళ్ళు ఉన్నాయి. గేర్లవి, సన్న టైర్లవి, ముందు లైట్లు మినుకుమినుకుమనేవి. ఒకే రంగు టీషర్టులు వేసుకుని పడుచు పిల్లలూ, పొట్టలు వచ్చిన వాళ్ళూ, శివప్రసాదూ. ఆయన కూడా గేర్ల సైకిలు మీదే ఉన్నాడు, మంకీక్యాపు బదులు హెల్మెట్టు. గంగమణి వరుస వెనక చేరి, ఒక కాలు కింద ఆనించి నిలబడింది.

ముందున్న పిల్ల తిరిగి చూసి నవ్వింది. "ఆంటీ, సూపర్. ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని పాల క్యాన్ల పక్కన నిలబడి తీసుకుంది. ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. గంగమణికి నవ్వాలో వద్దో తెలియలేదు. నవ్వింది.

మెడలో విజిలు వేసుకున్న నవనీత్ వచ్చాడు. జిమ్ము నడుపుతాడు, ఆవేళ సంబరం అతని చేతుల మీద జరుగుతోంది.

"అక్కా, నువ్వు పక్కకు రా."

"ఎందుకు? ఇయ్యాల సైకిళ్ళకు తెరిచిండ్రు గద."

"గవి వేరు అక్కా. గవి హెల్త్ కోసం తొక్కేటియి. నీది లోడు సైకిల్."

"లోడంటే ఏంది? పాలే గద. గీళ్ళు తాగుతలేరా?"

"నాతోని కాదక్కా, జర సమజ్ చేస్కో. వెనుక వీడియో తీస్తుండ్రు."

గంగమణి శివప్రసాద్ వైపు చూసింది. ఆయన చెయ్యెత్తి ఊపాడు, పెళ్ళిలో దూరపు చుట్టాన్ని చూసి ఊపినట్టు. నవనీత్ ఆమె సైకిలు హ్యాండిలు పట్టుకుని మర్యాదగానే పక్కకు నడిపించాడు. ఆ మర్యాదే ఎక్కువ మండించింది. తిడితే తిరిగి తిట్టేది.

విజిలు మోగింది. సైకిళ్ళన్నీ చప్పుడు లేకుండా పలకరాళ్ళ మీద జారిపోయాయి. కాలువ నీళ్ళలో వాటి నీడలు, వాటి మీద లేత ఎండ, చూడటానికి ఎంత బాగుందో. అంత బాగుండటాన్నే ఆమె ఓర్చుకోలేకపోయింది. రూలు అందరికీ ఒకటేనన్న మనిషి అందరికంటే ముందు పోతున్నాడు. చివరి సైకిలు దాటాక నవనీత్ గేటు మూసి తాళం వేశాడు. గంగమణి గేటును కాలితో ఒక్క తన్ను తన్నింది. గేటుకేం కాలేదు. బొటనవేలు వాచింది.

ఆ వారంలోనే బర్రె ఈనింది. దుడ్డె పుట్టింది, తల్లీపిల్లా బాగున్నాయి. సంగతి ఎట్లా పాకిందో గాని, సాయంత్రానికి హనుమాయమ్మ ఫోను చేసింది.

"గేదె ఈనిందట కదా గంగమణీ. జున్నుపాలు మర్చిపోకు. మాధురి నోరూరి చస్తోంది."

"చూస్తనమ్మా," అని ఫోను పెట్టేసి, "చూస్త, చూస్త. దుడ్డెకు తాపుత, మిగిలితే ఈ వాడకట్టుకు పోస్త. గేటు కట్టుకున్నోళ్ళకు చుక్క గూడ ఇయ్య," అంది.

ముత్తెన్న దుడ్డె మూతి తుడుస్తూ తలెత్తాడు. "అడిగినోళ్ళకు జున్నుపాలు లేవనొద్దు. పొదుగుకు మంచిది కాదు. తెల్వనట్టు మాట్లాడకు."

తెలియకేం. జున్నుపాలు అమ్మకూడదు. పాలు పోసే ఇళ్ళ వాళ్ళు అడిగితే లేదనకూడదు. పితికిన చేతులతోనే తీసుకుపోయి వాళ్ళ గడపలో ఇవ్వాలి, తోవలో చెయ్యి మారితే బర్రె తన్నడం నేర్చుకుంటుంది. పుచ్చుకున్న వాళ్ళు ఉత్త గిన్నె తిరిగి ఇవ్వకూడదు. పసుపో, బెల్లంముక్కో, గుప్పెడు బియ్యమో వేసి ఇస్తారు. వేసింది ఏదైనా వద్దనకూడదు. ఇవన్నీ గంగమణికి అత్త నేర్పింది. గేటు కట్టిన వాళ్ళ విషయం మాత్రం అత్త ఏమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున మూత బిగించిన స్టీలు గిన్నెను గుడ్డలో కట్టి హ్యాండిలుకు తగిలించుకుంది. రోడ్డుకు పోలేదు. నేరుగా గేటు దగ్గరికి పోయి హనుమాయమ్మకు ఫోను చేసింది. ఆమె శాలువా కప్పుకుని గబగబా వచ్చింది. సందులోంచి చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

"ఇయ్యనమ్మా. తొవ్వల చెయ్యి మారొద్దు. మీ గడపకు నేనే తేవాలె."

"అయితే నడిచి రా."

"సైకిల్ ఇడిచి రాను. క్యాన్ల నిండ పాలున్నయ్."

హనుమాయమ్మకు ఆ పద్ధతి తెలుసు. ఆమె పుట్టింటి వాళ్ళదీ పాడి ఉన్న ఇల్లే. గిన్నె వైపు చూసింది, తాళం వైపు చూసింది, ఇక చేసేది లేక మొగుడికి ఫోను చేసింది. శివప్రసాద్ తాళంచెవి పట్టుకుని వచ్చాడు. "ఈ కాలంలో కూడా ఈ నమ్మకాలేంటి," అని సణుగుతూనే తెరిచాడు.

గంగమణి సైకిలెక్కింది. టైర్లు పలకరాళ్ళ మీద మెత్తగా పోతున్నాయి. క్యాన్లు కదలడం లేదు. వీపుకు ఎండ తగులుతోంది. నీళ్ళ మీద నుంచి వచ్చే చల్లగాలి మొహానికి తగులుతోంది. హారన్ లేదు, దుమ్ము లేదు. గెలిచానని అనిపించింది ఆమెకు, అనిపించడంలో తప్పేముంది?

గిన్నె అందుకుని హనుమాయమ్మ పాలు ఒంపుకుంది. బెల్లం తేవడానికి లోపలికి పోయింది. వరండాలో నిలబడి ఏదో ఆలోచిస్తున్న శివప్రసాద్ జేబులోంచి తాళంచెవి తీసి ఖాళీ గిన్నెలో వేశాడు. ఠంగుమంది.

"ఇది నీకు. ఇంట్లో ఇంకోటి ఉంది. పొద్దున్నే జనం రాకముందు వచ్చి వెళ్ళిపో. లోపలికి వచ్చాక వెనకాలే తాళం వేసెయ్యి. నీ ఒక్కదానికే సుమా. అందరూ మొదలెడితే మళ్ళీ మొదటికొస్తుంది."

గిన్నెలో వేసింది వద్దనకూడదు. నిజం చెప్పాలంటే, వద్దనాలని ఆమెకు అనిపించనూ లేదు. రొంటిన దోపుకుని ఇంటికి పోయింది. దారి పొడవునా దాన్ని తడిమి చూసుకుంది.

మర్నాడు గేటు దగ్గర లక్‌పతి ఉన్నాడు. నిన్న ఆమె లోపలికి పోవడం ఎవరో చెప్పినట్టున్నారు, మోపు కట్టుకుని నిలబడ్డాడు. గంగమణి తాళం తీసి, సైకిలు లోపలికి తోసింది. వెనక్కి తిరిగేసరికి అతని ముందు చక్రం గేటు మధ్యలో ఉంది.

"నన్ను గూడ పోనియ్యక్కా."

"నా ఒక్కదానికే ఇచ్చిండ్రు తమ్మీ. చాబీ లేనోళ్ళను రానిస్తే ఇది గూడ గుంజుకుంటరు."

లక్‌పతి ఆమె ముఖంలోకి చూశాడు. చక్రాన్ని వెనక్కి లాక్కున్నాడు. మోపు ఒరిగితే భుజం పెట్టి నిలబెట్టుకున్నాడు.

"మంచిది. నువ్వన్న పో."

అతని గొంతులో కోపం లేదు. ఒక మాట అన్నా బాగుండేది. గంగమణి గేటు మూసి, కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి తాళం వేసింది. సైకిలెక్కింది. కోపం వచ్చింది. మొదట లక్‌పతి మీద వచ్చింది, వీడిక్కడికి ఎందుకు రావాలని. తరవాత శివప్రసాద్ మీద. కాలనీ మలుపు తిరిగేసరికి మిగిలింది తన మీదే. 'థూ నీ బతుకు,' అనుకుంది.

మరునాటి నుంచి లక్‌పతి గేటు దగ్గరికి రాలేదు. ఎదురుపడితే "బాగున్నవా అక్కా" అంటున్నాడు, అంతే. నడిచే వాళ్ళు మాత్రం గంగమణిని చూసి గుడ్ మార్నింగ్ చెబుతున్నారు. నాలుగు పూటలు గడిచాక శివప్రసాద్ ఆమెను ఆపాడు.

"గేటు మీద నుంచి ఎవరో సైకిళ్ళు ఎత్తి దాటిస్తున్నారట. నువ్వు రోజూ వస్తావు కదా, ఎవరో చూసి నా చెవిన వెయ్యి."

గంగమణి డబ్బా మూత పెట్టింది. "నేను పాలు పోసేదాన్ని సార్. కావలి కుక్కను కాదు."

"అబ్బే, అట్లా ఎందుకనుకుంటావు?" అన్నాడాయన. ఆయన నిజంగానే బాధపడ్డాడు.

ఖాళీ క్యాన్లతో ఇంటికి పోవలసిన మనిషి బస్టాండుకు పోయింది. అక్కడ గొడుగు కింద కూర్చుని చందూలాల్ తాళంచెవులు చేస్తాడు. రొంటినున్నది తీసి ఇచ్చింది.

"గీ అసుంటియి చెయ్యాలె."

"ఎన్ని?"

"నీ దగ్గర ఎన్నున్నయ్?"

చందూలాల్ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, ఆకురాయి అందుకున్నాడు.

మొదటిది లక్‌పతికి ఇచ్చింది. అతను అరచేతిలో పెట్టుకుని, "నాకా?" అన్నాడు. కూరగాయలు తెచ్చే వాళ్ళకు ఇచ్చింది, బట్టలషాపులో పనికి పోయే పల్లవికి ఇచ్చింది. అందరికీ ఒకటే చెప్పింది, పొద్దున్నే పోవాలి, గోల చేయొద్దు. గేటుకు తాళం వేలాడుతూనే ఉంది, పలక చెక్కుచెదరలేదు, సైకిళ్ళు పోతూనే ఉన్నాయి. విని ముత్తెన్న పగలబడి నవ్వాడు.

"దొంగ చేతికే తాళాలిచ్చినట్టుంది సారు పని."

"ఎవలు దొంగ?" గంగమణి చేటను కింద పడేసింది. "మన తొవ్వ మనం నడుస్తే దొంగలమా? తమాషగ గూడ గట్లనకు."

అన్నది గాని, ఆ మాట ముల్లులా దిగింది. చాటుగా పోవడం, చుట్టూ చూసుకుని తాళం తీయడం, దొంగతనం కాకపోతే ఏమిటి?

మంచు తెర లేని ఒక పొద్దున, గంగమణి కట్ట ఎక్కేసరికి ముందు లక్‌పతి పోతున్నాడు. అతని వెనక ఎవరో ఆడమనిషి సైకిలు తోసుకుంటూ పోతోంది. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన వాళ్ళలో మనిషి, గోచీ పోసిన చీరను బట్టి తెలుస్తోంది. సైకిలు మీద చెరుకాకు మోపు, బాటకు అటూ ఇటూ వేలాడేంత వెడల్పు. పశువుల మేతకు టౌనులో అమ్ముకుందామని తెస్తున్నట్టుంది. లక్‌పతి తాళం తీసి లోపలికి పోయాడు. ఆమె అడుగు వేగం పెంచింది.

"దాదా, థాంబా," అని ఆగమన్నట్టు అరిచింది.

"నై, నై. బంద్. రోడ్డుకు పో," అని లక్‌పతి గేటు మూసి, కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి తాళం నొక్కాడు.

గంగమణి వచ్చి దిగింది. "ఎందుకు ఏసినవ్?"

"నీ కోసం తీస్తక్కా. ఆమె ఎవలో."

"ఎవలైతే ఏంది?"

"చాబీ లేనోళ్ళను రానిస్తే మనది గూడ గుంజుకుంటరు," అన్నాడు లక్‌పతి, తెలియదా అన్నట్టు. "నువ్వే అన్నవ్ గద."

చెంప మీద కొట్టినట్టయింది. అన్నది తనే. ఇదే గేటు దగ్గర, ఇట్లాగే లోపల నిలబడి అన్నది. శివప్రసాద్ ఒక్క తాళమే వేయించాడు. తాను ఇంతమందిని కాపలాదారులను చేసింది. ఆ ఆడమనిషికి వాళ్ళ మాటలు అర్థం కాలేదు, గొడవ తన గురించేనని మాత్రం తెలిసి సైకిలు వెనక్కి తిప్పబోయింది. మోపు బరువుకు అది తిరగలేదు.

"తియ్యి," అంది గంగమణి.

"చూస్తరక్కా. సారు అస్తుండు, గదిగో."

"అస్తే రానియ్యి. తియ్యి తాళం."

లక్‌పతి తీశాడు. తాళం ఆమె చేతికిచ్చాడు. గంగమణి దాన్ని ఒకసారి చూసి, తన తాళంచెవి కూడా దానికే తగిలించి, కాలువలోకి విసిరేసింది. రెండు రెక్కలనూ చివరిదాకా తోసింది. ఒక రెక్కకు తన సైకిలు ఆనించి, క్యాన్లతో సహా స్టాండు వేసింది.

శివప్రసాద్ దగ్గరికి వచ్చాడు. వెనక ఇంకో నలుగురు నడిచే వాళ్ళు ఉన్నారు.

"ఏంటి గంగమణీ, గేటు తీసి ఉంది?"

"తీసే ఉంటది సార్."

"నీకు తాళంచెవి ఇచ్చింది ఇందుకా?"

"చాబీ తీసేటందుకే గద ఇస్తరు. తీసిన." క్యాను మీద చెయ్యి వేసి నిలబడింది. "రేపో ఎల్లుండో ఇంకో తాళం ఏస్తరు, తెల్సు. గప్పుడు గూడ ఇక్కడ్నే ఉంట. మీ ఒక్కలకే కాదు, కాలనీల ఎవ్వలకు పాలు గావల్నన్నా గిన్నెలు పట్టుకొని గీడికే రావాలె. నాకొక్కదానికి తొవ్వ ఇస్తే తీస్కోను."

శివప్రసాద్ ఏదో అనబోయాడు. అప్పటికే ఆ ఆడమనిషి మోపుకు భుజం ఆనించి, ఒక్క తోపుతో సైకిలును గేటులోంచి లోపలికి తెచ్చింది. ఎవరికీ దండం పెట్టలేదు, ఎవరి వైపూ చూడలేదు. బాట మీద పోయే మనిషి పోయినట్టు వస్తోంది. చెరుకాకు పలకరాళ్ళను ఊడ్చుకుంటూ, బాటంతా నిండుగా వస్తోంది. దారిలో నిలబడింది శివప్రసాదే. ఆయన మోపును చూశాడు, కాలువను చూశాడు, పక్కకు జరిగాడు.